'బ్రైట్ స్టార్' హిట్టా ఫ్లాపా అని తేల్చే ముందు గ్రాస్ అంకెను కాస్త పక్కన పెట్టండి

మీరు అడిగింది ఇదీ: కవి జాన్ కీట్స్ ప్రేమకథ మీద 2009లో వచ్చిన 'బ్రైట్ స్టార్'ని కాలేజీ ప్రజెంటేషన్‌కి తీసుకున్నారు. బడ్జెట్ సుమారు 85 లక్షల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా వసూళ్లు 1.44 కోట్ల డాలర్లు. పెట్టినదానికి ఒకటిన్నర రెట్లకు పైగా వచ్చింది కాబట్టి హిట్ అని రాయొచ్చా? 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' కూడా రచయిత ప్రేమకథే కదా, దానికి ఇరవై రెట్లు ఎలా వచ్చాయి?

హిట్ అని రాయకండి. అలాగని ఫ్లాప్ అనీ రాయకండి. నేను డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో లెక్కలు చూస్తూ పదిహేడేళ్లు గడిపాను, ఎక్కువగా ఇలాంటి చిన్న పీరియడ్ సినిమాలే నా టేబుల్ మీదికి వచ్చేవి. ఈ రకం సినిమాల విషయంలో ఇంటర్నెట్‌లో దొరికే ఆ రెండు అంకెలు, అంటే బడ్జెట్, గ్రాస్, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటమంత తప్పుదారి పట్టించే పని ఇంకోటి లేదు. ఎందుకంటే ఆ రెండూ వేర్వేరు జేబుల లెక్కలు. బడ్జెట్ నిర్మాత జేబులోంచి (నిజానికి చాలామంది జేబుల్లోంచి, ఆ సంగతి కింద చెబుతాను) పోయిన డబ్బు. గ్రాస్ అంటే ప్రేక్షకుడు టికెట్ కౌంటర్లో ఇచ్చిన డబ్బు. ఈ రెండింటి మధ్యలో థియేటర్ ఓనరు, పన్ను, డిస్ట్రిబ్యూటరు, పబ్లిసిటీ ఖర్చు, సేల్స్ ఏజెంట్ కమీషను, ఇంతమంది నిలబడి ఉంటారు, అందరూ తలా పిడికెడు తీసుకున్నాక మిగిలితే మిగిలినట్టు.

తెలుగు సినిమా ట్రేడ్ వార్తలు చదివేవాళ్లకు గ్రాస్ వేరు, షేర్ (టికెట్ డబ్బులో పన్ను, థియేటర్ వాటా పోయాక డిస్ట్రిబ్యూటర్‌కి చేరేది) వేరు అని చిన్నప్పట్నుంచీ తెలుసు. విచిత్రమేంటంటే మనవాళ్లే ఇంగ్లిష్ సినిమా దగ్గరికొచ్చేసరికి ఆ తేడా మర్చిపోయి గ్రాస్‌ని పట్టుకుని బడ్జెట్‌తో భాగించేస్తారు. ఇక్కడా షేరే లెక్క.

సరే, ఒకసారి చేసి చూద్దాం. ఆ 1.44 కోట్లలో అమెరికాలో వచ్చింది దాదాపు 44 లక్షల డాలర్లు. మిగతా కోటి బయట, అంటే బ్రిటన్, ఆస్ట్రేలియా, యూరప్ దేశాల్లాంటి చోట్ల. అమెరికాలో చిన్న సినిమాకి డిస్ట్రిబ్యూటర్ షేర్ స్థూలంగా సగం అనుకోండి, ఒక్కోసారి సగం కంటే కాస్త తక్కువే. అంటే 20, 22 లక్షలు. బయటి దేశాల్లో ఆ శాతం ఇంకా తగ్గుతుంది. బ్రిటన్‌లో ముందు టికెట్ మీద వ్యాట్ పోవాలి (ఆ ఏడాది అది 15 శాతం), ఆ మిగిలినదాంట్లో ఎక్కువ వాటా థియేటర్ వాళ్లదే. అన్ని దేశాలూ కలిపి సగటున 35 నుంచి 40 శాతం వేసుకుంటే, కోటి డాలర్ల గ్రాస్ మీద 35 నుంచి 40 లక్షలు. మొత్తం కలిపితే అటూ ఇటూగా 60 లక్షల డాలర్లు. ఇది నా చేతి లెక్కే, ఆడిట్ చేసింది కాదు, కానీ ఈ సైజు సినిమాలకి ఇది పెద్దగా తప్పదు. చూశారా, పబ్లిసిటీకి ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టలేదనుకున్నా థియేటర్ల నుంచి 85 లక్షలు వెనక్కి రాలేదు.

పబ్లిసిటీ ఊరికే రాదు కదా. 2009 అంటే ఇంకా ఎక్కువ థియేటర్లు 35 ఎంఎం ప్రింట్లతోనే నడుస్తున్న రోజులు, ఒక్కో ప్రింటుకి పదిహేను వందల నుంచి రెండు వేల డాలర్లు అయ్యేది. అమెరికాలో 'బ్రైట్ స్టార్' గరిష్టంగా 370 థియేటర్ల దాకా వెళ్లింది. ఒకచోట అయిపోయిన ప్రింటుని ఇంకోచోటికి తిప్పుకున్నా సరే, ప్రింట్ల ఖర్చే ఐదు లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆపైన న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పేపర్లలో ప్రకటనలు. ఈ రకం సినిమా చూసే ప్రేక్షకులు ఆ రోజుల్లో పేపర్లో రివ్యూ చదివి, అదే పేజీలో థియేటర్ టైములు చూసుకుని బయల్దేరే రకం, కాబట్టి ఆ ప్రకటనలు మానేద్దామన్నా కుదరదు. 44 లక్షల గ్రాస్ మీద వచ్చిన 20 లక్షల షేర్‌లోంచి ఇవన్నీ తీసేస్తే అమెరికా డిస్ట్రిబ్యూటర్‌కి ఏం మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. అమెరికా డిస్ట్రిబ్యూటర్ నష్టపోతే నిర్మాత నష్టపోయినట్టు కాదు. ఇలాంటి సినిమా ఒక స్టూడియో తన సొంత డబ్బుతో తీసి రిలీజ్ చేసేది కాదు. 'బ్రైట్ స్టార్' బ్రిటన్, ఆస్ట్రేలియా కలిసి తీసిన సినిమా. వెనక పాతే (Pathé) అనే సినిమా సంస్థ ఉంది, బీబీసీ ఫిల్మ్స్ ఉంది, అప్పటి యూకే ఫిల్మ్ కౌన్సిల్ ఉంది, ఆస్ట్రేలియా వైపు నుంచి స్క్రీన్ ఆస్ట్రేలియా ఉంది. అందులో సగం మంది లాభం కోసం కూర్చున్నవాళ్లు కాదు. పబ్లిక్ డబ్బు పెట్టే సంస్థకి సినిమా తయారవ్వడం, దేశం పేరు కనబడటం, అక్కడి టెక్నీషియన్లకి పని దొరకడం కూడా రాబడే. టీవీ సంస్థ పెట్టేది రేపు తమ చానెల్లో వేసుకోవడానికి. పైగా ఆ కాలానికి రెండు దేశాల్లోనూ పన్ను రాయితీ పథకాలు గట్టిగా ఉండేవి. బ్రిటన్‌లో రెండు కోట్ల పౌండ్ల లోపు బడ్జెట్ సినిమాలకి, అర్హత ఉన్న ఖర్చులో 80 శాతం వరకు లెక్కలోకి తీసుకుని దాని మీద 25 శాతం ఇచ్చేవాళ్లు, అంటే ఖర్చులో ఇంచుమించు ఐదో వంతు. ఆస్ట్రేలియాలో ఫీచర్ ఫిల్మ్‌కి అక్కడ అయిన ఖర్చు మీద ఏకంగా 40 శాతం. ఇలాంటి పథకాలున్న చోట 85 లక్షల బడ్జెట్ అంటే 85 లక్షల రిస్క్ కాదు. ఆ పైన షూటింగ్ మొదలవకముందే కొన్ని దేశాల హక్కులు మినిమమ్ గ్యారంటీ (సినిమా ఎలా ఆడినా ఇంత ఇస్తామన్న ఒప్పందం) మీద అమ్ముడైపోతే, సినిమా ఆడినా ఆడకపోయినా ఆ డబ్బు వచ్చినట్టే.

అందుకే ఇలాంటి సినిమా గురించి హిట్టా ఫ్లాపా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే అడిగే ప్రశ్న ఎవరికి అని. మీ స్లైడ్‌లో ఒకే ఒక్క మాట రాయాలంటే 'ఎవరికి' అన్న మాట పెద్ద అక్షరాల్లో రాయండి.

చిన్న పక్కదారి. డాలర్ అంకెల్లో ఇంకో మెలిక ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. 2008లో షూటింగ్ నాటికి, ఆ ఏడాది మొదటి సగంలో, పౌండు విలువ రెండు డాలర్ల దగ్గర ఉండేది. ఆర్థిక సంక్షోభం దెబ్బకి అది కుదేలైంది, 2009 నవంబరులో సినిమా బ్రిటన్‌లో రిలీజయ్యే సమయానికి 1.65 డాలర్ల దగ్గరుంది. అంటే పౌండ్లలో ఖర్చు పెట్టి, పౌండ్లలోనే సంపాదించిన డబ్బుని డాలర్లలోకి మారిస్తే, ఖర్చు ఎక్కువగానూ రాబడి తక్కువగానూ కనిపిస్తుంది. సినిమాలో తప్పేం లేకపోయినా కాగితం మీద ఆరో వంతు ఆవిరి. వేర్వేరు దేశాల సినిమాల అంకెలు ఒకే పట్టికలో పెట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, మీ లెక్చరర్ అడిగినా అడక్కపోయినా.

ఇప్పుడు రెండో ప్రశ్న, అసలు నాకు ఆసక్తి ఉన్నది ఇదే.

'షేక్‌స్పియర్ ఇన్ లవ్' బడ్జెట్ రెండున్నర కోట్ల డాలర్లు, అమెరికాలో పది కోట్లు, ప్రపంచమంతా కలిపి 28.9 కోట్లు. మీరన్నట్టు ఇరవై రెట్లే. ఎక్కువమంది దీనికి చెప్పే కారణం స్టార్లు. ఒక పక్క గ్వినెత్ పాల్ట్రో, ఇంకో పక్క బెన్ విషా, ఆబీ కార్నిష్. అప్పటికి విషా అంటే నాటకాలు చూసేవాళ్లకి తెలుసు గానీ మల్టీప్లెక్స్ జనానికి తెలీదు, నిజమే. కానీ స్టార్ వాదన ఎంత బలహీనమో చూపించడానికి అదే పాల్ట్రో పనికొస్తుంది. ఆవిడ రచయితల ప్రేమకథలు ఒకటి కాదు, మూడు చేసింది. 1998లో 'షేక్‌స్పియర్ ఇన్ లవ్', 2002లో ఇద్దరు విక్టోరియన్ కవుల ప్రేమ రహస్యాన్ని ఇప్పటి కాలం పరిశోధకులు తవ్వి తీసే 'పొసెషన్', 2003లో సిల్వియా ప్లాత్, టెడ్ హ్యూస్‌ల మీద 'సిల్వియా'. అమెరికా వసూళ్లు వరసగా పది కోట్లు, కోటి, 13 లక్షలు. ఐదేళ్ల తేడాలో, అదే హీరోయిన్, అప్పటికే చేతిలో ఆస్కార్ కూడా ఉంది, అంకె మాత్రం మెట్లు దిగినట్టు దిగిపోయింది.

ఇందులో 'పొసెషన్' మీకు బాగా పనికొస్తుంది. దాని ప్రపంచ వసూళ్లు దాదాపు 1.48 కోట్ల డాలర్లు. 'బ్రైట్ స్టార్'ది 1.44. ఇంచుమించు ఒకటే. కానీ 'పొసెషన్' బడ్జెట్ రెండున్నర కోట్లు. ఒకే గ్రాస్ ఒక సినిమాకి గుండెపోటు తెప్పిస్తుంది, ఇంకో సినిమాకి కాస్త నీరసం తెప్పిస్తుంది, అంతే. కవి ప్రేమకథని టికెట్ కొని చూసే జనం ప్రపంచం మొత్తం మీద ఇంతమంది ఉన్నారని ముందే ఒప్పుకుని ఆ కొలతకి తగ్గట్టు తీసిన సినిమా 'బ్రైట్ స్టార్'. పెద్ద యుద్ధాలు, రాజభవనాలు, బగ్గీల ఊరేగింపులు లేవు. ఒక ఇల్లు, తోట, కిటికీ, కుట్టుపని, పూలు, సీతాకోకచిలుకలు. చూస్తుంటే అందం మాత్రమే కనిపిస్తుంది గానీ, లెక్కలు చూసేవాడికి ఆ అందం వెనక పొదుపు కూడా కనిపిస్తుంది.

మరి తేడా స్టార్లలో లేకపోతే ఎక్కడుంది? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' రచయిత ప్రేమకథ కాదు, నాటకం కంపెనీ కామెడీ. రేపు సాయంత్రానికి నాటకం వేయాలి, రాతకి మాట రావట్లేదు, అప్పులవాడు తలుపు దగ్గర ఉన్నాడు, హీరోయిన్ మగవేషంలో ఉంది. ఆ హీరోయిన్ కూడా కల్పితమే. షేక్‌స్పియర్ అన్న పేరు అటకెక్కించేసి వేరే ఏ పేరు పెట్టినా కథ ఆడుతుంది. థియేటర్లో నవ్వులు వినబడతాయి, బయటికొచ్చినవాడు పక్కవాడికి నవ్వుతూ చెబుతాడు. మౌత్ టాక్ అంటే అదీ. 'బ్రైట్ స్టార్' చూసి బయటికొచ్చినవాళ్లు మాట్లాడరు. నేను అతిశయోక్తి చెప్పట్లేదు, కీట్స్ 1821 ఫిబ్రవరిలో రోమ్‌లో, పాతికేళ్లకి, క్షయతో పోయాడు, ఆయన ప్రేమించిన ఫానీ బ్రాన్ లండన్‌లో ఉండిపోయింది, వాళ్లిద్దరి పెళ్లి జరగనేలేదు, కథ ముగింపు టికెట్ కొన్నవాళ్లలో చాలామందికి ముందే తెలుసు. గుండె బరువుతో బయటికొచ్చిన మనిషి "నువ్వు కూడా చూడు" అని చెప్పడానికి మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజుల్లో థియేటర్ వాడు సోమవారం అంకె చూసేసి శుక్రవారానికి షోలు తగ్గించేస్తాడు. విషాదాంత ప్రేమకథలు ఆడవని కాదు, బ్రహ్మాండంగా ఆడినవి ఉన్నాయి, కానీ వాటికి ఏదో ఒక పెద్ద హంగు తోడుంటుంది, ఓడో యుద్ధమో. దగ్గు ఒక్కటే విలన్ అయిన సినిమాకి టైమ్ కావాలి, టైమ్ అంటే థియేటర్లో అద్దె.

రెండో తేడా రిలీజ్ తేదీ. దీన్ని తక్కువ అంచనా వేయకండి. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' 1998 డిసెంబరు 11న కేవలం 8 థియేటర్లలో మొదలైంది, తొలి వారాంతంలో 2.24 లక్షల డాలర్లు, అంటే థియేటర్‌కి 28 వేలు. అక్కడ్నుంచి మెల్లగా పెంచుకుంటూ, ఫిబ్రవరిలో 13 ఆస్కార్ నామినేషన్లు రాగానే బాగా విస్తరించి, మార్చిలో 7 అవార్డులు గెలిచాక కూడా ఆడించారు. ఆ పది కోట్లలో పెద్ద భాగం నామినేషన్ల తర్వాత వచ్చిందే. ప్రచారం కోసం వాళ్లు ఎంత దూరం వెళ్లారో, ఎన్ని విమర్శలు వచ్చాయో అది వేరే కథ, ఉత్తమ చిత్రం 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్'కి దక్కలేదని పాతికేళ్ల తర్వాత కూడా పోట్లాడుకునేవాళ్లున్నారు.

'బ్రైట్ స్టార్' 2009 మేలో కాన్ చిత్రోత్సవంలో పోటీ విభాగంలో ప్రదర్శించారు, రివ్యూలు బాగున్నాయి. అమెరికాలో సెప్టెంబరు 18న 19 థియేటర్లలో వచ్చింది. తొలి వారాంతం 1.9 లక్షల డాలర్లు, థియేటర్‌కి పది వేలు. చెడ్డ ఓపెనింగ్ కాదు గానీ గొప్పదీ కాదు. ఈ పద్ధతిలో మొదలుపెట్టే సినిమాకి పెద్ద నగరాల్లో ఎంపిక చేసిన థియేటర్లలో పది వేలు వస్తే అది పచ్చజెండా కాదు, పసుపు లైటు. అయినా పెంచారు. పెంచినకొద్దీ థియేటర్ సగటు పడిపోతూ వచ్చి 44 లక్షల దగ్గర ఆగింది. జనవరిలో డీవీడీ వచ్చేసింది, ఫిబ్రవరి మొదట్లో ఆస్కార్ నామినేషన్లు ప్రకటించేసరికి థియేటర్లలో ఆ సినిమా పని దాదాపు అయిపోయింది. ఆ ఏడాదే ఉత్తమ చిత్రం జాబితాని పదికి పెంచారు, దానికి కూడా ఎక్కలేదు. ఒకే ఒక్క నామినేషన్ వచ్చింది, కాస్ట్యూమ్స్‌కి, జానెట్ ప్యాటర్సన్‌కి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ అవార్డు 'ది యంగ్ విక్టోరియా'కి శాండీ పవెల్ తీసుకెళ్లింది. ఆ సినిమాని అమెరికాలో రిలీజ్ చేసింది కూడా 'బ్రైట్ స్టార్'ని రిలీజ్ చేసిన అపారిషన్ అనే కొత్త కంపెనీయే. అంటే ఒకే ఆఫీసు నుంచి వెళ్లిన రెండు పీరియడ్ ప్రేమకథలు ఒకే అవార్డు కోసం పోటీపడ్డాయి. 'షేక్‌స్పియర్ ఇన్ లవ్'కి కాస్ట్యూమ్స్ ఆస్కార్ కొట్టింది కూడా శాండీ పవెలే. అపారిషన్‌ని 2009లోనే పెట్టారు, 2010 మేలో దాన్ని నడిపిస్తున్న బాబ్ బెర్నీ ఉన్నట్టుండి బయటికొచ్చేశాడు, తర్వాత అది ఎక్కువ కాలం నిలవలేదు. కొత్త డిస్ట్రిబ్యూటర్ చేతిలో ఒకే సీజన్లో దాదాపు ఒకే ప్రేక్షకుల కోసం రెండు సినిమాలు పడితే ఏమవుతుందో నాకు అనుభవం మీద తెలుసు. సెప్టెంబరు సినిమాని డిసెంబరు దాకా బతికించడానికి పెట్టాల్సిన డబ్బు డిసెంబరు సినిమాకి దాచుకుంటారు. అక్కడ కచ్చితంగా అదే జరిగిందని నేననను, కానీ ఆ కుర్చీలో నేనుంటే నా చేయి కూడా అటే వెళ్లేది.

బ్రిటన్‌లో నవంబరు 6న వచ్చింది. కీట్స్ అక్కడ స్కూలు పాఠం, హ్యాంప్‌స్టెడ్‌లో ఆయన ఉన్న ఇల్లు ఇప్పటికీ మ్యూజియంగా ఉంది, కాబట్టి అమెరికా కంటే పరిచయం ఎక్కువ. కానీ ఆ తర్వాతి శుక్రవారం '2012' అనే భారీ సినిమా, ఆ పైవారం 'న్యూ మూన్'. స్క్రీన్లు ఎక్కడ మిగుల్తాయి చెప్పండి. రెండో సినిమా కూడా పాలిపోయిన అబ్బాయి, ఎదురుచూసే అమ్మాయి కథే, కాకపోతే అక్కడ అబ్బాయి చావడు.

తేదీ కలిసొచ్చిన ఉదాహరణ కావాలంటే 'బికమింగ్ జేన్' చూడండి. జేన్ ఆస్టిన్ యువతిగా ఉన్నప్పుడు టామ్ లెఫ్రాయ్‌తో ప్రేమలో పడిందన్న ఊహ మీద అల్లిన కథ. అమెరికాలో 2007 ఆగస్టు 3న, 'ది బోర్న్ అల్టిమేటమ్' వచ్చిన రోజునే, వంద థియేటర్లతో దిగింది. చూడ్డానికి ఆత్మహత్యలా ఉంటుంది కదా, కాదు. ఇంట్లో ఒకరు బోర్న్ చూడనన్నారు, వాళ్లకి పక్క స్క్రీన్లో ఇది దొరికింది. అమెరికాలో 1.87 కోట్ల డాలర్ల దాకా లాగింది, దాని బడ్జెట్ దాదాపు 1.65 కోట్లు. అయితే ఇక్కడ ఇంకో బలం కూడా ఉంది, ఆస్టిన్. 1995 నుంచీ ఆ పేరు ఒక బ్రాండు, 2005లో 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ప్రపంచమంతా కలిపి 12 కోట్ల డాలర్లు తెచ్చి రెండేళ్లే అయింది, ఆ సినిమా చూసిన అమ్మాయిలే మళ్లీ వచ్చారు. నవలా రచయిత్రి జీవితం అంటే ఆవిడ నవల్లాగే ఉంటుందని జనం ఆశిస్తారు. కవి జీవితం అంటే కవిత్వంలా ఉంటుందేమో అని భయపడతారు. ఆ భయాన్ని పోస్టరుతో పోగొట్టడం చాలా కష్టం, మేం చాలాసార్లు ప్రయత్నించి ఓడిపోయాం.

'బ్రైట్ స్టార్'కి డైరెక్టర్ పేరు పనిచేయలేదా అంటే, ఆ డైరెక్టర్ జేన్ కాంపియన్ 1993లో తీసిన 'ది పియానో' అమెరికాలోనే నాలుగు కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ రెండు సినిమాల మధ్య పదహారేళ్లు గడిచాయి. 1993లో ఆ సినిమా చూసిన మనిషికి 2009లో ఇంట్లో పెద్ద టీవీ ఉంది, నాలుగు నెలలాగితే డీవీడీ వస్తుందని తెలుసు. ఈ రకం సినిమాలకి మొదట దూరమైన ప్రేక్షకులు వాళ్లే.

థియేటర్లు పెంచడం గురించి పైన పసుపు లైటు అన్నాను కదా, ఆ దెబ్బ నేనూ తిన్నాను. ఉత్తరాల మీద నడిచే ఒక పీరియడ్ ప్రేమకథ మా ఆఫీసుకి వచ్చింది, పేరెందుకులెండి. రెండు వారాలు 20 స్క్రీన్లలో చక్కగా నడిచింది, శని ఆదివారాలు నిండాయి, వాపు చూసి బలుపు అనుకున్నాం. మూడో వారానికి 90 స్క్రీన్లు చేయమని రాసింది నేనే. తర్వాత అర్థమైంది ఏంటంటే, ఆ సినిమా చూడాలనుకున్నవాళ్లు కొత్త థియేటర్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లు కూడా అప్పటికే ప్రయాణం చేసి మరీ వచ్చి చూసేశారు. మేం కొత్త ప్రేక్షకుల దగ్గరికి వెళ్లలేదు, ఉన్న ప్రేక్షకులనే 90 ముక్కలు చేశాం. సోమవారం రిపోర్టులో కొన్ని థియేటర్లలో మొత్తం రోజుకి పదకొండు టికెట్లు, పద్నాలుగు టికెట్లు. ఆ కాగితం నేను చాలా రోజులు డ్రాయర్లో పెట్టుకున్నాను. అదే సినిమా 20 స్క్రీన్లలో ఎనిమిది వారాలు ఉండనిచ్చి ఉంటే గ్రాస్ తక్కువగా కనబడేదేమో గానీ మాకు డబ్బు మిగిలేది. గ్రాస్ పెద్దదైనకొద్దీ నష్టం పెద్దదవ్వడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

ఇంకో మాట, వారం మధ్య రోజుల అంకెలు దొరికితే చూడండి. ఈ సినిమాల ప్రేక్షకులు ఎక్కువగా నలభై దాటిన ఆడవాళ్లు, రిటైరైనవాళ్లు, వాళ్లకి శుక్రవారం రాత్రి షోతో పనిలేదు, బుధవారం మ్యాట్నీకి తీరిగ్గా వస్తారు. శుక్రవారం అంకె చూసి సినిమా పోయిందని తేల్చేసే పద్ధతి వీటికి వర్తించదు. థియేటర్ వాడికి కూడా ఖాళీగా ఉండే మధ్యాహ్నాలు నిండుతాయి కాబట్టి ఇలాంటిది ఒకటి ఎప్పుడూ ఒక మూల స్క్రీన్లో ఉంచుకోవాలని ఉంటుంది.

హక్కుల విషయం కూడా ఒక స్లైడ్‌కి సరిపోతుంది. కీట్స్ రాతలకి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, కవితలూ ఉత్తరాలూ ఎన్నైనా సినిమాలో వాడుకోవచ్చు, కాంపియన్ వాడుకుంది. ఆండ్రూ మోషన్ రాసిన కీట్స్ జీవితచరిత్రని ఆధారంగా తీసుకున్నారు. 'సిల్వియా' తీసినవాళ్లకి ఆ అదృష్టం లేదు, ప్లాత్ కూతురు ఫ్రీడా హ్యూస్ ఆ సినిమాని బాహాటంగా వ్యతిరేకించింది, కవితలు వాడుకోవడానికి సహకరించలేదు. కవి గురించిన సినిమాలో కవిత్వం దాదాపు లేకుండా తీయాల్సి వస్తే ఇక అమ్మడానికి మిగిలేది చివరి విషాదం ఒక్కటే. పదమూడు లక్షలు ఊరికే కాదు.

మీ ప్రజెంటేషన్‌కి నా సలహా: 'షేక్‌స్పియర్ ఇన్ లవ్'ని పోలిక పట్టికలోంచి తీసేయండి, దాన్ని విడిగా ఆస్కార్ ప్రచారం, రిలీజ్ విస్తరణ గురించి చెప్పేటప్పుడు వాడుకోండి. పట్టికలో 'బ్రైట్ స్టార్' పక్కన 'పొసెషన్', 'సిల్వియా', 'బికమింగ్ జేన్' పెట్టండి. బడ్జెట్, గ్రాస్ మధ్యలో షేర్ అంచనాకి ఒక గడి గీసి, మీరు ఏ శాతం వేసుకున్నారో కింద రాయండి. ఎవరైనా ఆ శాతం తప్పు అంటే మంచిదే, కనీసం ఆ గడి ఉండాలని ఒప్పుకున్నట్టు. హిట్, ఫ్లాప్ అన్న గడి పెట్టకండి, దాని బదులు నిర్మాత, పబ్లిక్ ఫండ్, అమెరికా డిస్ట్రిబ్యూటర్ అని మూడు గడులు పెట్టి ఒక్కొక్కరికీ ఏమై ఉంటుందో రెండేసి వాక్యాలు రాయండి.

కీట్స్ బతికుండగా వచ్చిన మూడు పుస్తకాలూ సరిగ్గా అమ్ముడుపోలేదు, చేతిలో డబ్బు లేకే ఆయన ఫానీని పెళ్లి చేసుకోలేకపోయాడు, సినిమాలో అది కూడా ఉంది. ప్రజెంటేషన్ అయ్యాక ఒకసారి లెక్కలు మర్చిపోయి చూడండి, లైట్లు ఆర్పేసి. రెండోసారి చూసినప్పుడు కూడా నేను ఆ ఇంటి అద్దె ఎంతయి ఉంటుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను, అది నా ఖర్మ.